పై గ్యాలరీ ఉమ్ముల దెయ్యం

నరసరావుపేట నుంచి కోటప్పకొండ పోయే దారిలో స్టేడియం ఒకటుంది. కింద వరసల్లో మీరెంతసేపన్నా కూర్చోండి, పల్లీలు తినండి, కాళ్ళు బార్లా చాపుకుని పడుకోండి — అడిగేవాడు లేడు. కానీ గోలు వెనకాల పై గ్యాలరీ ఉంది చూశారూ... పొద్దుగూకినాక దాని మెట్లెక్కే మొనగాడు పల్నాడు మొత్తంలో లేడు.

ఎందుకంటే ఆడున్న దెయ్యం గొంతు పిసకదు. జుట్టు పట్టి ఈడవదు. పేరు పెట్టి పిలవదు.

ఉమ్ముద్ది.

నవ్వమాకండి. మామూలు దెయ్యానికైతే తాయెత్తు కట్టుకుని పోవచ్చు. ఉమ్మే దెయ్యం దగ్గరికి ఏం కట్టుకుని పోతారు? గొడుగేసుకుని పోవాలి.

లైట్లు బాగుచేసే ప్రభు ఒకసారి బల్బు మార్చడానికి ఎక్కాడంట. చీకట్లో ఏదో గొణుగుడు... గొణుగుడు ఆగింది... "థూ. థూ. థూ." ఆ వెంటనే మెడమీద ఏదో తడి, జారుకుంటా వీపులోకి పోయింది. కిందికొచ్చి టార్చీ వేసుకుని చూసుకుంటే — ఎర్రగా ఉంది! దాంతోపాటు కుళ్ళిన కోడిగుడ్డు కంపు. ఆ చొక్కాని ఉతకలేదు, తగలబెట్టాడు. ఆ తర్వాత ఇంకొకడెవడో మందు తాగడానికి ఎక్కి, సగం సీసా అక్కడే వదిలేసి దిగొచ్చాడు. తాగేవాడు సీసా వదిలేసి వచ్చాడంటే ఆడ ఏం చూసుంటాడో మీరే ఆలోచించుకోండి.

అట్లాంటి చోటికి, ఊరందర్లోకీ అస్సలు పోకూడని మనిషి పోయాడు.

మల్లమ్మ సెంటర్లో స్టీలు సామాన్ల కొట్టు అమర్నాథ్.

ఈ అమర్నాథ్‌కి అసహ్యం ఎక్కువ. ఎంత ఎక్కువంటే, హోటల్లో టీ తాగితే కప్పు ఎడమచేత్తో పట్టుకుంటాడు. అందరూ కుడిచేత్తో తాగుతారు గదా, ఇటువైపు అంచుకి ఎవడి మూతీ తగిలుండదని లెక్క. పెళ్ళి భోజనాల్లో పక్కవాడు పెరుగన్నం జుర్రితే చాలు, సగం విస్తరి వదిలేసి లేస్తాడు. ఇంట్లో ఎవరన్నా చెంబు ఎంగిలి చేశారా... ఆ చెంబు మూడుసార్లు తోమించి, ఎండలో పెట్టించి, అయినా దాని వంక అనుమానంగా చూస్తాడు.

మరి అట్లాంటివాడు ఉమ్ముల దెయ్యం దగ్గరికి ఎందుకు పోయాడు?

కూతురి కోసం.

కూతురి పేరు లహరి. ఇంటర్ చదువుతుంది, ఫుట్‌బాల్ ఆడుతుంది. జూన్‌లో తొలకరి పడ్డ రోజు, ప్రాక్టీసు చేసి బురదగా ఉన్న నిక్కరుతో, చెక్కుకుపోయిన మోకాలుతో ఇంట్లో అడుగు పెట్టింది. ఆ రోజే ఇంటినిండా చుట్టాలు. అమర్నాథ్ వాళ్ళమ్మ మహాలక్ష్మమ్మ గుమ్మంలోనే అందుకుంది —

"పిల్ల నిక్కరేసుకుని ఊరందరి ముందర బంతి తంతా ఉంటే, నువ్వు కొట్లో గిన్నెలు తుడుచుకుంటా కూర్చో! మన ఇంట్లో ఆడపిల్ల కాలు అంతెత్తు లేపటం ఎప్పుడన్నా చూశామంట్రా?"

చుట్టాలు కిసుక్కున నవ్వారు. అమర్నాథ్‌కి తల కొట్టేసినట్టయింది. ఆవేశం పట్టలేక అందరి ముందూ అనేశాడు.

"ఆ గ్రౌండులో కాలు పెట్టను. ఈ పిల్ల ఆట నా కళ్ళతో చూడను. చూశానని తెలిస్తే మీరందరూ వచ్చి నా మొహాన ఉమ్మండి!"

లహరి కాళ్ళు కడుక్కుని లోపలికి పోయింది. అంతే... ఆ రోజు నుంచి తండ్రితో మాట మానేసింది. ఒకే సోఫాలో పక్కనే కూర్చుని, వంటింట్లో ఉన్న తల్లిని కేకేసి చెప్పేది: "అమ్మా, నాన్నని చార్జర్ ఇమ్మను." వాళ్ళమ్మ నీరజ చపాతీ కర్రతో బయటికొచ్చి, "ఏవండీ, చార్జర్ ఇవ్వండి" అనేది. ఇదీ ఆ ఇంట్లో సంసారం.

వినాయకచవితి పోయింది. దసరా పోయింది, దీపావళి పోయింది. పిల్ల మాట్లాడలేదు. అమర్నాథ్‌కి అన్నం సహించటం మానేసింది. ఈసారి అసహ్యంతో కాదు.

డిసెంబర్లో ఫైనల్ పడింది. మన పిల్లలకీ, ఒంగోలు పిల్లలకీ. సాయంత్రం లైట్ల కింద ఆట.

"మీరెట్లాగూ రారు గదా. అన్నం డబ్బాలో పెట్టిపోతున్నా" అంది నీరజ.

"నాకేం పనాడ? కొట్లో స్టాకు దిగుద్ది."

దిగే స్టాకూ లేదు, దించేవాడూ లేడు. నీరజ ఆటో ఎక్కగానే షట్టరు దించేసి, మంకీ టోపీ, మూతికి మాస్కు, మెడచుట్టూ శాలువా కప్పుకుని బయల్దేరాడు. ఆ వేషం చూసి గేటు దగ్గరి కుక్కలు కూడా పక్కకి జరిగినయ్యంట.

కింద కూర్చుందామా అంటే ఊరంతా తెలిసినవాళ్ళే, ఒట్టు సంగతీ తెలిసినవాళ్ళే. ఆయన కొట్లో గిన్నె కొనని ఇల్లు లేదాయె. ఎవడో ఒకడు భుజమ్మీద చరిచి, "ఏం బాబాయ్, ఉమ్మమంటావా?" అన్నాడంటే చచ్చినట్టే. పిల్ల ఆట చూడాలి, తను ఎవరి కంటా పడకూడదు. దానికి ఉన్న చోటు ఒక్కటే.

తలెత్తి చూశాడు. పై గ్యాలరీ... నల్లగా, నోరు తెరుచుకుని ఉంది.

ఎక్కాడు.

మెట్ల మొదటి మలుపులోనే మూత్రం కంపు గుప్పుమంది — ఇవాళ్టిది కాదు, ఏళ్ళ తరబడి పులిసింది. గోడకి అడుగడుగునా గుట్కా ఉమ్ములు ఎండిపోయి అట్టలు కట్టినయ్. రెయిలింగు పట్టుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. దానిమీద ఏదో జిగటగా మెరుస్తోంది... ఎవరు ముక్కు తుడుచుకున్నారో, ఏం తుడుచుకున్నారో. కాలికింద పావురాల రెట్టలు పెచ్చులు పెచ్చులుగా విరుగుతున్నయ్. మాస్కు మీద ఇంకో మాస్కు తెచ్చుకోకపోతినే అనుకున్నాడు.

పైకి చేరాడు. అక్కడ కంపు మారింది.

కుళ్ళిన కోడిగుడ్డు.

ఒక్కసారిగా ప్రభు చొక్కా గుర్తొచ్చింది. వెనక్కి తిరగబోయాడు. అప్పుడే కింద విజిల్ మోగింది, ఆట మొదలైంది. ఒక్క అడుగు పక్కకి వేశాడు... కాలికింద ఏదో మెత్తగా, చల్లగా చితికింది. చెప్పు అంచు దాటి వేళ్ళ మధ్యకి ఎక్కింది. కాయో, కండో... చీకట్లో తెలియలేదు. తెలుసుకునే ధైర్యమూ లేదు.

గుడ్లనీళ్ళు కుక్కుకుని, వెంట తెచ్చుకున్న పేపరు సీటు మీద నాలుగు మడతలేసి పరుచుకుని, అంచుమీద కూర్చున్నాడు.

ఆ తర్వాత కిందికి చూశాడు.

చూసి... కంపు మర్చిపోయాడు.

అంత ఎత్తు నుంచి గ్రౌండు పచ్చటి క్యారమ్‌బోర్డులాగుంది. ఆడపిల్లలు బిళ్ళల్లాగా అటూ ఇటూ జారుతున్నారు. ముందు కాలు కదులుద్ది, ఆ తర్వాత టప్పుమని చప్పుడు పైకొస్తది. చొక్కాల మీద నంబర్లు ఆనటంలేదు. అయినా లహరిని గుర్తుపట్టాడు. ఎడమ భుజం ఒకవైపు వంచి పరిగెత్తుతోంది — అచ్చం గిన్నెల మూట మోసుకుని నడిచే అమర్నాథ్ లాగానే!

బంతి లహరి కాళ్ళ దగ్గరికొచ్చింది. ముందర ఇద్దరు ఒంగోలు పిల్లలు అడ్డం. లహరి తలెత్తి చూసి, బంతిని దూరంగా, ఎవరూ లేని మూలకి తన్నింది.

"అయ్యో, ఎవరూ లేని చోటికి తన్నిందేందీ!" అని నాలిక కరుచుకున్నాడు.

ఆలోపే ఆ ఖాళీలోకి అబిదా అనే పిల్ల బాణంలాగా దూసుకొచ్చింది. బంతి ఆమె కోసమే ఆగినట్టు కాలికి తగిలింది. గోల్!

అమర్నాథ్ నోరు తెరుచుకున్నాడు. అంటే... ఆ పిల్ల వస్తదని లహరికి ముందే తెలుసు. కింద కూర్చున్నవాళ్ళకి గోలు మాత్రమే కనపడింది. పైనుంచి చూసినవాడికి, గోలుకి ముందు తన బిడ్డ బుర్రలో మెరిసింది కూడా కనపడింది. శ్రావణంలో పెళ్ళిళ్ళు వస్తయ్యని ఆషాఢంలోనే బిందెలు తెప్పించి పెట్టే తెలివి గదా అది... ఆయన తెలివే!

ఆనందం పట్టలేక లేచి చప్పట్లు కొట్టబోయి, తను దాక్కున్న సంగతి గుర్తొచ్చి, గబుక్కున కూర్చున్నాడు. పేపరు మీద కాదు. పక్కన.

ప్యాంటు వెనకాల చల్లగా... నెమ్మదిగా... తడి ఎక్కింది.

ఆ తడి ఏందో ఆయన ముట్టుకోలేదు. వాసన చూడలేదు. కళ్ళు మూసుకుని, "ఇంటికి పోయి కిరసనాయిలుతో కడుక్కుంటా" అని మాత్రం అనుకున్నాడు.

రెండో సగంలో ఒంగోలు పిల్లలు ఒక గోలు కొట్టి సమానం చేశారు. ఆట చివరికొస్తోంది. లహరి బంతితో గోలు ముందరికి దూసుకుపోతుంటే, ఒంగోలు పిల్ల కాలు అడ్డం పెట్టి పడేసింది. రిఫరీ విజిల్ వేసి తెల్లచుక్క చూపించాడు. పెనాల్టీ! ఎదురుగా గోల్‌కీపర్ తప్ప ఎవరూ ఉండరు. కొడితే కప్పు మనది.

లహరి లేచింది. మోకాలు తుడుచుకుంది. బంతిని చుక్కమీద పెట్టింది... గోలువైపు తిరిగి, అంటే సూటిగా తండ్రి కూర్చున్న చీకటివైపే తిరిగి నిలబడింది.

అప్పుడు వినపడింది.

వెనక వరసలో... గాజుల చప్పుడు.

అమర్నాథ్ తల తిప్పలేదు. తిప్పితే ఏం కనపడుద్దో!

గొణుగుడు మొదలైంది. పళ్ళు లేని నోట్లోంచి వచ్చే గాలిలాగా... సుస్... సుస్... అని. మాటలు తెలియటంలేదు. కుళ్ళుకంపు దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి... సరిగ్గా నెత్తిమీదికొచ్చి ఆగింది.

పరిగెత్తాలి. కాళ్ళు లేస్తున్నయ్ కూడా. కానీ కింద లహరి ఊపిరి పీల్చుకుని రెండడుగులు వెనక్కి వేసింది...

"ఉమ్మితే ఉమ్మనీ" అనుకున్నాడు అమర్నాథ్, సీటుని రెండు చేతులతో పట్టుకుని. ఆ సీటునే! "ఇది చూసే పోతా."

గొణుగుడు ఆగింది.

"థూ."

టోపీ మీద తుంపర పడింది.

"థూ."

చెవిమీద.

"థూ!"

కన్నుమీద! ఆ వెంటనే నెత్తిమీదినుంచి చెంబెడు చిక్కటి తడి... నుదుటి మీదుగా, కళ్ళలోకి, మాస్కులోంచి నోట్లోకి... చేత్తో తుడుచుకుని చూసుకున్నాడు. ఎర్రగా!

తను పెట్టుకున్న ఒట్టు నిజమైపోయింది. మొహాన ఉమ్మటానికి ఊళ్ళోవాళ్ళకి తీరిక లేక దెయ్యం వచ్చింది!

"అమ్మోవ్!!!"

ఆ కేక స్టేడియం నాలుగు మూలలా తిరిగొచ్చింది. కింద కొట్టబోతున్న లహరి ఆగిపోయింది. రిఫరీ విజిల్ వేశాడు.

వెనకనుంచి దెయ్యం పలికింది.

"ఏందిరా?"

అమర్నాథ్ సీటుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవర్రా అది... అమరా?"

మెల్లగా వెనక్కి తిరిగాడు. తలకి పోసుకుని విరబోసుకున్న తెల్లజుట్టు, ఒక చేతిలో ఉప్పూ మిరపకాయలూ, రెండో చేతిలో ఖాళీ చెంబు. తన కొట్లోదే ఆ చెంబు.

మహాలక్ష్మమ్మ!

"నువ్వేందే అమ్మా, ఈడ..." గుసగుసలాడాడు, నోట్లోది ఉమ్ముకుంటా.

"దిష్టి తీస్తన్నారా. అరవమాక."

"దిష్టా? ఎవరికి?"

"ఎవరికేందిరా, పిల్లకి. అంతమంది కళ్ళు పడతా ఉంటే దిష్టి తియ్యరా? అబిదా వాళ్ళ నానమ్మ బీబీ ఆటోలో తోడొచ్చింది. మోకాళ్ళు నొప్పని మెట్ల కింద కూర్చుంది."

"ఇప్పుడు నా మీద పోసిందేంది?"

"పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళేలే. దిష్టి నీళ్ళు ఎవరూ తొక్కని చోట పొయ్యాలి గదా. పిల్ల ఆట ఉన్నప్పుడల్లా కోడిగుడ్లూ, గుమ్మడికాయా అన్నీ ఈడే వేస్తన్నా. దెయ్యం ఉందని ఈడికి మనిషి పురుగు రాదంట. బాగా కలిసొచ్చింది."

"ఆ దెయ్యం నువ్వేనే తల్లీ!"

"నోర్ముయ్. నాకు శుక్లాలు గదరా, చీకట్లో ఎవడు కూర్చున్నాడో కనపడి చస్తదా?"

"మరి కింద ఉన్న లహరి నీకెట్లా కనపడుద్ది?"

"కనపడదు. అందుకే గ్రౌండులో ఉన్నోళ్ళందరికీ కలిపి తీస్తా."

"ఒంగోలోళ్ళకి కూడానా?"

"వాళ్ళూ ఆడపిల్లలే గదరా."

అమర్నాథ్‌కి ఒళ్ళు మండింది. "మరి ఇంట్లో అంతంత మాటలన్నావు! నీ మాటలకే గదా నేను ఒట్టు పెట్టుకుంది!"

"చుట్టాల ముందర అన్నాలేరా. నేను అనకపోతే వాళ్ళు అనేవాళ్ళు. నిన్ను ఒట్టు పెట్టుకోమని ఎవరు చెప్పారు?"

ఇంతలో కళ్ళు జిగేల్‌మన్నయ్. కింద స్తంభం దగ్గరున్న ప్రభు పెద్ద లైటొకటి పైకి తిప్పాడు.

స్టేడియం అంతా చూసింది. పై గ్యాలరీలో నెత్తినుంచి పొట్టదాకా ఎర్రగా కారుతున్న మనిషి ఆకారం ఒకటి... దాని వెనక జుట్టు విరబోసుకున్న ముసలి ఆకారం ఇంకొకటి.

"ఒరేయ్, రెండయినయ్ రోయ్!" అని కెవ్వుమన్నాడు ప్రభు.

కింద గ్యాలరీ జనం పల్లీల పొట్లాలు వదిలేసి గేటువైపు ఉరికారు. ఒంగోలు గోల్‌కీపర్ పిల్ల గోలు స్తంభం కౌగిలించుకుని ఏడుస్తోంది. రిఫరీ కూడా మెల్లగా వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

చుక్క దగ్గర లహరి ఒక్కతే మిగిలింది. పారిపోలేదు. బంతి వదిలిపెట్టి ఎక్కడికి పోద్ది? కానీ మోకాళ్ళు వణకటం పైనుంచి కూడా తెలుస్తోంది.

"కూర్చోరా" అంది మహాలక్ష్మమ్మ, కొడుకు శాలువా లాగి. "కూర్చుంటే దెయ్యమే అనుకుంటారు. నీ ఒట్టు నిలబడుద్ది, నా సంగతీ బయటపడదు."

నిజమే. కూర్చుంటే చాలు. మెట్లు దిగి, ఇంటికి పోయి, పొద్దున్నే షట్టరెత్తి, "ఏందీ, మళ్ళా దెయ్యం కనపడిందంటగా" అని అందరితోపాటు తనూ నోరెళ్ళబెట్టొచ్చు.

కింద లహరి కాళ్ళు ఇంకా వణుకుతున్నయ్.

అమర్నాథ్ మంకీ టోపీ పీకేశాడు. మాస్కు పీకేశాడు. రెయిలింగుని, ఆ జిగట రెయిలింగునే, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ముందుకు వంగాడు.

"లహరీ! భయపడమాక! దెయ్యం కాదమ్మా, నేనే! మీ నాన్నని! వెనకున్నది నానమ్మ! నువ్వు కొట్టమ్మా!"

గేటు దగ్గర్నుంచి ఎవడో — "ఒరేయ్, మన స్టీలు కొట్టు అమర్నాథ్ బాబాయిరా!" అన్నాడు. ఇంక చూసుకోండి నవ్వులు... పారిపోయినవాళ్ళు పొట్టలు పట్టుకుని తిరిగొచ్చారు. కింద మొదటి వరసలో నీరజ కొంగు మొహాన కప్పుకుంది, నవ్వుతోందో, ఏడుస్తోందో. రిఫరీ బింకంగా విజిల్ అందుకున్నాడు. ఒంగోలు పిల్ల కళ్ళు తుడుచుకుని గోలులో నిలబడింది.

లహరి తండ్రిని చూసింది. చాలాసేపు చూసింది. అంత దూరంనుంచి ఆ మొహంలో ఏముందో అమర్నాథ్‌కి తెలియలేదు.

రెండడుగులు... మూడో అడుగు...

టప్!

బంతి వల మూలలోకి పోయి అక్కడే గిర్రున తిరిగింది.

తోటి పిల్లలు మీదపడి కౌగిలించుకుంటుంటే లహరి విడిపించుకుని బయటికొచ్చింది. వలలోని బంతి తీసుకుని, చేతుల్లోంచి జారవిడిచి, అది నేలకి తగిలేలోపే, పై గ్యాలరీకి గురిచూసి, జూన్ నెల కోపమంతా కాల్లోకి తెచ్చుకుని తన్నింది.

బంతి లైట్ల మీదుగా లేచి, వంకర తిరిగి, అమర్నాథ్ కాళ్ళ దగ్గరున్న కుళ్ళిన గుమ్మడికాయలో పడింది. ఛప్‌ మని పురుగులతో సహా గుజ్జు లేచి ఆయన మొహాన్నంతా అలికేసింది.

అమర్నాథ్ వంగాడు. ఆ గుజ్జులో మోచేతిదాకా చెయ్యి పెట్టి బంతి బయటికి తీశాడు. దాన్నుంచి పచ్చసొనలాంటిదేదో తీగలుగా సాగుతోంది. తుడవలేదు. ఛాతీకి ఆనించుకుని, బలమంతా పెట్టి కిందికి విసిరాడు.

లహరి ఎగిరి రెండు చేతులతో పట్టుకుంది. పట్టుకున్న తర్వాత గానీ కంపు ముక్కుకి చేరలేదు. చొక్కా చూసుకుంది. చేతులు చూసుకుంది. మొహమంతా ముడుచుకుని తలెత్తి, స్టేడియం దద్దరిల్లేటట్టు అరిచింది —

"ఛీ! నాన్నా!"

తొలకరి నుంచి నోరు విప్పని పిల్ల తండ్రితో అన్న మొదటి మాట అది.

అమర్నాథ్ చేతులు రెండూ నోటి దగ్గర పెట్టుకుని — ఆ చేతులే! — కిందికి వంగి గట్టిగా కేకేశాడు.

"ఇంకోసారి అనమ్మా!"